ఆశ్చర్యపోవడం తెలియని పెన్‌హల్లో గారు

పెన్‌హల్లో గారికి ఆశ్చర్యపోవడం చేతకాదు. కౌంటీ పురావస్తు, ప్రకృతి చరిత్ర సంఘానికి ఇరవై ఏళ్ళుగా ఆయనే అధ్యక్షులు. ఎవరేం పట్టుకొచ్చినా కళ్ళజోడు సవరించుకుని, "మామూలుదే" అనేస్తారు.

డాక్టర్ హిబర్ట్ తన పెరట్లో దొరికిన రోమన్ల కుండ మీద సంఘం వార్షిక సంచికలో పన్నెండు పేజీలు రాశాడు. అచ్చయ్యాక గానీ కుండ తెచ్చి చూపించలేదు.

"మామూలుదే. పూలకుండీ. అడుగున కంపెనీ పేరు కూడా ఉంది," అన్నారు పెన్‌హల్లో గారు.

సొంతింటి పొగగొట్టం అంటుకుని ఫైరింజను వచ్చినప్పుడూ గేటు దగ్గర నిలబడి ఇదే మాట అన్నారట.

ముప్పై ఏళ్ళు ఆ చుట్టుపక్కల గుట్టల మీద ఉత్తరాలు పంచిన మ్యూరియల్ థ్రష్‌కి ఒకటే కోరిక. సంఘం రిజిస్టర్లో 'కనుగొన్నవారు' అన్న గడిలో తన పేరు ఒక్కసారైనా పడాలి. సభ్యురాలై పదకొండేళ్ళయినా పడలేదు.

ఈ జూన్‌లో సంఘమంతా సుద్దగుట్టకి నడకకి వెళ్ళినప్పుడు, ముళ్ళపొద వెనక ఆమెకో ఆర్కిడ్ పువ్వు కనిపించింది. ఆ కౌంటీలో ఆ రకం కనిపించి అరవై ఏళ్ళయింది. పెన్‌హల్లో గారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశారు. లేచి ప్యాంటు దులుపుకున్నారు.

"మామూలుదే. పదండి, టీ చల్లారిపోతుంది."

నడకయ్యాక టీ బల్ల దగ్గర ఆరోజు దొరికినవాటి జాబితా అధ్యక్షులు చదివి వినిపించడం ఆచారం. నత్తగుల్ల చదివారు. గుర్రపు లాడం చదివారు. ఆర్కిడ్ ఊసే లేదు. మ్యూరియల్ కేకు ముట్టకుండా ఇంటికెళ్ళింది.

వారం తిరక్కుండానే పూల పుస్తకం చంకన పెట్టుకుని, ఆయన తప్పు తేల్చేద్దామని మళ్ళీ గుట్టెక్కింది. పొద ముందు మడతకుర్చీలో పెన్‌హల్లో గారు శాండ్‌విచ్ తింటున్నారు. ఎదురుగా తాపీ, రేకుపెట్టెతో ఒక కొత్త మనిషి.

"ఇక్కడ అరుదైన పూలేమైనా ఉన్నాయాండీ?"

"అన్నీ మామూలువే. పాములు మాత్రం దండిగా ఉన్నాయి."

ఆ మనిషి పాదాలు చూసుకుంటూ దిగిపోయాడు.

"ఎన్నాళ్ళుగా కూర్చున్నారిక్కడ?" అంది మ్యూరియల్.

"ఆరు రోజులు. విత్తనాలు రాలే దాకా తప్పదు. టీ దగ్గర చదివితే సాయంత్రానికి పబ్బులో అందరికీ తెలిసేది. తెల్లారేసరికి ఎవరో తవ్వుకుపోయి గుంటే మిగిలేది."

"నాకైనా చెప్పొచ్చుగా."

"మీ ముఖంలో ఏదీ దాగదు, మ్యూరియల్ గారూ. అది చూస్తేనే ఊరికి తెలిసిపోతుంది."

జేబులోంచి మడిచిన కాగితం తీసిచ్చారు. చలికాలంలో రిజిస్టర్లో ఎక్కించడానికి ఆయన రాసిపెట్టిన నమోదు, తేదీ ఆ నడక రోజుదే. మొదటి వరుసలోనే ఉంది: కనుగొన్నవారు, మ్యూరియల్ థ్రష్.

ఆమె రెండుసార్లు చదువుకుంది. కాగితం మడిచి జాగ్రత్తగా ఆయనకి తిరిగిచ్చింది.

"లేవండి. ఇంటికెళ్ళి వేడిగా ఏమైనా తినండి. ఇక్కణ్ణుంచి కాపలా నాది."

"మీకెందుకండీ శ్రమ?"

"పువ్వు నాది కాబట్టి."

పెన్‌హల్లో గారు కుర్చీ ఖాళీ చేశారు. వెళ్తూ వెళ్తూ టోపీ ఎత్తి ఆమెకొకసారి, పువ్వుకొకసారి నమస్కరించారు.