తెలుగు సంతకం పెట్టిన ఓటు

నవంబరు చివరి వారం, సోమవారం. ఉన్నవారు: నేను, నా భార్య, మా అల్లుడు, కౌంటీ ఎన్నికల ఆఫీసులో కౌంటరు దగ్గరి ఆవిడ. డైరీలో ఇంతే రాసుకున్నాను. మిగిలినదంతా పొగమంచులో నడిచినట్టుగా గుర్తుంది.

అమెరికా పౌరసత్వం వచ్చాక నా భార్యకు అది మొదటి ఓటు. పోస్టులో వచ్చిన బ్యాలెట్టు నింపి, కవరు మీద తెలుగులో సంతకం చేసింది. బాపట్లలో పంతులమ్మగా ఉన్నప్పటినుంచీ, ఇక్కడి తెలుగు చర్చిలోనూ ఆమె చేసే సంతకం అదే. ఎన్నికల రికార్డులో ఉన్నది మాత్రం డ్రైవింగ్ లైసెన్సు కోసం నేర్చుకున్న ఇంగ్లీషు సంతకం. రెండూ కలవలేదని, సోమవారం సాయంత్రంలోగా సరిచేసుకోకపోతే ఓటు లెక్కలోకి రాదని శనివారం కౌంటీ నుంచి, అంటే ఇక్కడి జిల్లా ఆఫీసు నుంచి, ఉత్తరం అందింది.

నేను తాలూకా ఆఫీసులో పనిచేసి ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్ణి. అక్కడ ఓటుకు సంబంధించి చివరి మాట ఢిల్లీది. ఆ అలవాటుకొద్దీ వాషింగ్టన్‌కు అర్జీ రాస్తూ కూర్చున్నాను.

“వాషింగ్టన్‌కి దీంతో సంబంధం లేదు మామయ్యగారూ,” అన్నాడు అల్లుడు. “ఓట్ల లెక్కని ఫస్ట్ కౌంటీ సర్టిఫై చేయాలి, తర్వాత స్టేట్. స్టేట్ పంపిన లెక్కని అక్కడ ఓపెన్ చేసి చదువుతారు, అంతే. పదండి, డ్రైవ్ చేస్తా.”

“పై ఆఫీసుకి దణ్ణం పెట్టందే ఆయనకి పని మొదలైనట్టుండదు బాబూ,” అంది నా భార్య చెప్పులు తొడుక్కుంటూ.

ఆఫీసులో అద్దాల గోడ వెనక కొందరు కవర్లు ఒక్కొక్కటే ఎత్తి సంతకాలు సరిచూస్తున్నారు. ఎవరైనా వచ్చి చూడొచ్చని గోడ మీద బోర్డు ఉంది. చప్పుడు బయటికి రావడం లేదు. నీటి అడుగున చేపలు మెదిలినట్టు ఆ చేతులు మెదులుతున్నాయి. అంత పెద్ద దేశం తీర్పు ఇంత చిన్న గదిలోంచి మొదలై పైకి పోతుందా అని చూస్తూ నిలబడిపోయాను.

“రికార్డులో ఉన్నట్టే సంతకం చేయండి,” అంది కౌంటరు దగ్గరి ఆవిడ ఇంగ్లీషులో.

“కవరు మీదది కూడా నాదేనమ్మా,” అంది నా భార్య, తనకొచ్చిన ఇంగ్లీషులో.

“రెండూ మీవే. ఈ రోజుకి మేం గుర్తుపట్టేది చేయండి. వచ్చే ఎన్నికలకి మీ భాషది రిజిస్టర్ చేసుకోవచ్చు.”

కలం చాలాసేపు కాగితం పైనే ఆగింది. ఆ ఇంగ్లీషు మెలికలు ఎక్కడ మొదలవుతాయో ఆమెకు గుర్తులేదు. కళ్ళు మూసుకుంది. తర్వాత మెల్లగా, ముగ్గు చుక్కలు కలిపినట్టు, ఒక్క గీతలో పూర్తి చేసింది. అది సరిపోయిందో లేదో లోపలివాళ్ళు చూసి చెబుతారన్నారు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతుండగా ఫోనుకు మెసేజ్ వచ్చింది: మీ ఓటు లెక్కించబడింది. ఆమె అది రెండుసార్లు చదివి, చీర మార్చుకుని వచ్చింది.

“ఎక్కడికి?” అన్నాను.

“ఆ అద్దాల గోడ దగ్గరికేనండీ. ఎవరైనా వచ్చి చూడొచ్చంట కదా. మిగతావాళ్ళ కవర్లు ఇంకా చూస్తూనే ఉంటారు, లేవండి.”