నేను తొక్కిన మట్టి

ఎనభైల్లో తిరుపతిలో డిగ్రీ చదువుతూ జూడో నేర్చుకునేదాన్ని. ఎవరైనా వంగి నా కాళ్లు పట్టుకుంటే చాలు, పడిపోయేదాన్ని. దానికి విరుగుడు కుస్తీలో ఉందని విని, సెలవులకు చిత్తూరు వచ్చినప్పుడు మా నాయనను అడిగినాను. ఆయన ఒకప్పుడు పహిల్వాను. తాను కుస్తీ నేర్చిన గోదాకే తీసుకుపోయినాడు.

మట్టికి మొక్కి లోపల కాలు పెట్టినానో లేదో, అక్కడ కుస్తీ నేర్పే వస్తాదు కేకలేసినాడు. "ఏందప్పా, ఆడపిల్లను గోదాలోకి దించినావు? మట్టి మైలపడిపాయ గదా!"

అంతమంది మగవాళ్ల ముందు, నేను తొక్కిన మట్టినంతా పారతో తవ్వించి గోడవతల పోయించినాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల చెమట, ఉమ్ము కలిస్తే లేని మైల నా పాదానికొచ్చిందా?

నాయన నన్ను వెంటబెట్టుకుని బయటికొచ్చి, ఆ మట్టికుప్ప దగ్గర ఆగి చొక్కా విప్పినాడు. "పారేసినాక ఇది వాళ్లది కాదు పాపా. దా, నీ కాళ్లు పడతా, తప్పించుకో."

సెలవులన్నాళ్లూ ఆ కుప్పమీదే నేర్చుకున్నాను. కాళ్లు వెనక్కి విసిరి, బరువంతా ఎదుటిమనిషి వీపుమీద వేసి అణిచేయడం.

ఆ ఏడు జూడో పోటీల్లో నా కాళ్లమీదికొచ్చిన అమ్మాయిని అట్లాగే అణిచినాను. అందరూ చప్పట్లు కొట్టినారు. నాకు మాత్రం ఆ వస్తాదు చూడలేదే అని ఉక్రోషం.

ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ నాకు లేదు.