ఓడ మీద తడి తువ్వాళ్లు

పోయిన ఆదివారం రెజిమెంటల్ బజార్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో చుట్టాల పెళ్లికి వెళ్లాను. భోజనాలకు ఇంకా పిలవలేదు. మగవాళ్లం కొందరం కూలర్ ముందుకు కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. మా పెద్దమ్మతో సహా ఆడవాళ్లంతా మండపం దగ్గర ఉన్నారు. మా బావ, అంటే మా అక్క భర్త, ఓడ కథ మొదలుపెట్టాడు. రెండేళ్ల కిందట మేమంతా బొంబాయిలో క్రూయిజ్ ఓడ ఎక్కిన కథ అది. ప్రతి పెళ్లిలోనూ చెబుతాడు. అందులో మా పెద్దమ్మ ఓడను కాజీపేట ప్యాసింజర్ అనుకుంటుంది. కుర్చీల మీద తడి తువ్వాళ్లు వేసి జాగ పడుతుంది. కర్ర పట్టుకుని వచ్చిన ఒక ముసలాయన్ని కూర్చోనివ్వకుండా తరిమేస్తుంది. ఓడ అధికారి మందలిస్తే అలిగి గదిలోకి పోయి సాయంత్రం దాకా తలుపు తీయదు. బావ ఆమె గొంతు పెట్టి మాట్లాడతాడు, కొంగు నడుముకు చుట్టినట్టు చేతులు తిప్పుతాడు. జనం నవ్వుతారు. నేనూ నవ్వుతూ వచ్చాను. ఈసారి ఆయన చివర ఒక కొత్త ముక్క కలిపాడు. వచ్చే చలికాలం అందరం అండమాన్ ఓడ ఎక్కాలని అనుకుంటున్నాం కదా, "అత్తమ్మను మాత్రం ఇంటి కాడనే ఉంచుదాం. మల్ల ఇజ్జత్ తీస్తది" అన్నాడు. ఆమె పరువు తీస్తుందనేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ ఉదయం ఓడ పై అంతస్తులో ఏం జరిగిందో చూసినవాళ్లం బావా నేనూ ఇద్దరమే. ఇద్దరిలో ఒకడు అబద్ధం చెబుతుంటే, రెండోవాడు నవ్వుతూ దాన్ని నిజం చేస్తున్నాడు.

జాగ పట్టడం గురించి ముందు చెప్పాలి. పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్నది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. ఎండాకాలం సెలవుల్లో రెండు కుటుంబాలూ కలిసి ఏదో ఒక ఊరికి బయల్దేరేవాళ్లం. రిజర్వేషన్ దొరికేది కాదు. జనరల్ బోగీలో ఇంతమందికి చోటు దొరకాలంటే బండి ఆగకముందే కిటికీలోంచి గుడ్డ విసరాలి. గుడ్డ పడితే ఆ సీటు మనది. ఈ న్యాయం ఏ పుస్తకంలోనూ లేదు గానీ సికింద్రాబాద్ స్టేషన్‌లో దాన్ని కాదన్న మనిషిని నేను చూడలేదు. మా ఇంట్లో ఆ పని పెద్దమ్మది. పొడి రుమాలైతే గాలికి ఎగిరిపోతుందని, లేదా ఎవరో తీసి పక్కన పెట్టేస్తారని, ఆమె కుళాయి దగ్గర తువ్వాలు తడిపి, పిండి, విసిరేది. తడిగుడ్డను ముట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. బండి ఆగి మేం తోసుకుంటూ ఎక్కేసరికి ఆమె ఎలాగో లోపల ఉండేది, తువ్వాలు మీద చెయ్యి పెట్టి నిలబడి. కిటికీ పక్కన నేను, నా పక్కన అక్క, తర్వాత పెద్దలు. అందరూ కూర్చున్నాక మిగిలితే ఆమెకు. చాలాసార్లు మిగిలేది కాదు. తలుపు దగ్గర ట్రంకుపెట్టె మీద కూర్చుని, గాలి మంచిగా వస్తున్నదని అనేది. నేను నమ్మేవాణ్ణి.

ఇక ఓడ సంగతి. మూడు రోజుల ప్రయాణంలో మధ్య రోజు ఓడ ఎక్కడా ఆగదు. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ ఉండదు. కంపెనీ వాళ్ల భాషలో అది తీరిక రోజు. తినాలి, పడుకోవాలి, మళ్లీ తినాలి. ఓడ ఎక్కిన సాయంత్రమే బావ పై అంతస్తు అంతా తిరిగి వచ్చి, నీడలో ఉన్న పడక కుర్చీలు కొన్నే ఉన్నాయనీ, పొద్దున్నే పోకపోతే ఎండలో మాడిపోతామనీ తేల్చాడు. అప్పుడు ఆయన నోటితోనే అన్న మాట ఇది. "అత్తమ్మా, మీరు ఎట్లయినా నాలుగింటికే లేస్తరు గద. జెర మనకు జాగ పట్టుండ్రి." ఆమె వెంటనే, ఇది రైలు కాదు కదా అల్లుడా, ఏమన్నా అంటారేమో అని అనుమానపడింది. ఎవరూ ఏమీ అనరని బావ చెప్పాడు. మా గదిలోని తువ్వాళ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది నేను. పైగా సరదాగా, "తడిపి వెయ్యి పెద్దమ్మా" అన్నది కూడా నేనే.

తెల్లారి మేం ఫలహారాలకు దిగాం. ఫలహారశాల అనేది ఎంత మోసమో తిన్నవాళ్లకే తెలుస్తుంది. దోసె దగ్గర ఒక వరస, ఆమ్లెట్ దగ్గర ఒక వరస, కోసిన పండ్లు, పేరు తెలియని రొట్టెలు. నేను మూడోసారి పళ్లెం తీసుకున్నాను. పెద్దమ్మకు ఏమన్నా పంపారా అని మా ఆవిడ అడిగింది. ఇప్పుడే పైకి పోతున్నాం కదా అన్నాను. అని, ఇంకో కాఫీ తాగాను. ఆ కాఫీ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది, దాని మీద నాకున్న కోపం కూడా. ఆడవాళ్లనూ పిల్లలనూ కిందే వదిలి బావా నేనూ పైకి వెళ్లేసరికి బాగా ఎండెక్కింది.

నీడలో ఏడు కుర్చీలు. ఆరింటి మీద తడి తువ్వాళ్లు. ఏడో కుర్చీలో, బావ తరిమేసిందని చెప్పే ఆ ముసలాయన, మోకాళ్ల మధ్య కర్ర పెట్టుకుని, హాయిగా వెనక్కి వాలి ఉన్నాడు. పెద్దమ్మ పక్కన నిలబడి ఉంది. ఆయన వచ్చి జాగ అడిగితే ఆమె తాను కూర్చున్న కుర్చీ ఇచ్చేసింది. మిగతా ఆరూ మావి. తనను నమ్మి అప్పగించినవి. వాటిని ఇచ్చే హక్కు తనకు లేదని ఆమె లెక్క. ఆరు ఖాళీ కుర్చీల మధ్య ఒక పెద్దావిడ నిలబడి ఉండడం చూడలేక ముసలాయన కూతురు వెళ్లి ఓడ వాళ్లకు చెప్పింది. తెల్ల యూనిఫాం వేసుకున్న ఒకతను వచ్చాడు. మందలించడానికి కాదు, ఆమెను కూర్చోబెట్టడానికి. మనుషులు లేని కుర్చీల మీద వస్తువులు ఉంచకూడదు, ఇవి ఎవరివి అని మర్యాదగా అడుగుతున్నాడు. అప్పుడే మేం చేరుకున్నాం.

బావ నల్లకళ్లద్దాలు సర్దుకుని ఇంగ్లీషులో అందుకున్నాడు. ఆమెకు తెలియదండీ, ఇలాంటి చోట్లకు రావడం ఇదే మొదలు, మేం ఎంత చెప్పినా వినదు అన్నాడు. మాకు మాత్రం రెండోసారా? యూనిఫాం అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. పెద్దమ్మ ఇంగ్లీషు మాట్లాడలేదు గానీ, లాలాగూడ క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ల పక్కింట్లో ఏళ్ల తరబడి ఉన్న మనిషి. ప్రతి మాటా అర్థమైంది. మా ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత అతనితో, "నావే నాయనా. నేనే ఏసిన" అంది. తువ్వాళ్లన్నీ తీసి చేతిమీద వేసుకుంది. చీర ముందుభాగం తడిసిపోతోంది. మెట్ల వైపు నడుస్తూ నా దగ్గర ఆగి, "తిన్నరా బిడ్డా?" అని అడిగింది.

అలిగి గదిలో పడుకుందట. తెల్లవారుజాము నుంచి నీళ్లయినా తాగకుండా కాపలా కాసిన మనిషి పడుకోక ఏం చేస్తుంది? ఇంకొకటి నేను అప్పుడే చూశాను, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ముసలాయనకు ఇచ్చిన ఆ కుర్చీని ఆమె అంతకుముందే తిప్పి వేసుకుంది. వీపు సముద్రం వైపు, మొహం మెట్ల వైపు. మేం ఎప్పుడు వస్తామో కనపడాలని. తిరిగొచ్చాక ఇరుగుపొరుగు సముద్రం ఎట్లున్నదని అడిగితే, మా పిల్లలు మంచిగ చూసిన్రు అని చెప్పేదట.

ఇదంతా కూలర్ ముందు కూర్చున్నవాళ్లకు చెప్పాను. గొంతు కాస్త పెరిగినట్టుంది, అవతలి వరసవాళ్లు కూడా తిరిగి చూశారు. "జాగ పట్టుమన్నది నువ్వు. తడిపి వెయ్యమన్నది నేను. ఇజ్జత్ తీసింది ఎవరు బావా?" అన్నాను. "మజాక్‌కు చెప్తే గింత గరం ఎందుకు బామ్మర్దీ" అని బావ నవ్వబోయాడు. ఎవరూ నవ్వు కలపలేదు. పెద్దమ్మ రాకపోతే అండమాన్‌కు నేనూ రానని చెప్పాను. ఆయన రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

అంతలో భోజనాలకు పిలిచారు. మొదటి బంతికి జనం ఎగబడ్డారు. మేం వెళ్లేసరికి బల్లలన్నీ నిండిపోయాయి, ఒక్కచోట తప్ప. పెద్దమ్మ ఒక ఆకు ముందు కూర్చుని, తనకు ఇటు కుర్చీ మీద చేతిసంచీ, అటు కుర్చీ మీద రుమాలు పెట్టి, ద్వారం వైపే చూస్తోంది. "రా అల్లుడా, కూసో" అని సంచీ తీసింది. బావ ఆకులోకి తల వంచుకుని కూర్చున్నాడు. నేను రుమాలు ఎత్తాను. తడిగా ఉంది.

"అండమాన్ పోదామా పెద్దమ్మా, ఓడల?" అని అడిగాను.

ఆమె పప్పు కలుపుకుంది. "పోదాం. గని ఈసారి జాగ నువ్వు పట్టు. నేను సముద్రం చూస్త."

నా చిన్నప్పటి ప్రయాణాలన్నీ నాకు కిటికీ పక్కనుంచే మొదలైనట్టు గుర్తు. నేను ఆ కిటికీ దగ్గరికి చేరకముందు కూడా ప్రతిసారీ కొంత కాలం గడిచింది, తడి తువ్వాలు మీద చెయ్యి పెట్టి మా కోసం నిలబడిన కాలం. అది పెద్దమ్మది.