రెండు గట్ల ఎర్ర నాచు

విదేశంలో, నోవా స్కోషియాలో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో నా పని సముద్రపు ఎర్ర నాచు ఏరడం. ఒకే జాతి నాచు వేర్వేరు తీరాల్లో పెరిగితే దాని డీఎన్‌ఏలో తేడా వస్తుందా అన్నది నా ప్రశ్న. రాదని మా ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పేపర్లు రాస్తున్నారు.

అఖాతానికి రెండు గట్లనా, నీరు వెనక్కి తగ్గే ఆటు సమయంలో రబ్బరు బూట్లు వేసుకుని రాళ్ల మీద వంగి ఏరేదాన్ని. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. అక్కడే నాచు కోసి, ఎండబెట్టి అమ్ముకునే ముసలాయన ఒకరోజు నా సంచిలోకి తొంగి చూశాడు.

"రెండు గట్లవీ కలిపేయకమ్మాయ్. ఇది వేరు, అది వేరు. నమిలి చూడు."

నమిలాను. ఉప్పదనం తప్ప ఏమీ తెలియలేదు. అయినా ఆయన మాట మీద వేర్వేరు సంచుల్లో కట్టాను.

ఫలితం వచ్చింది. అఖాతానికి అటూ ఇటూ ఉన్న నాచు నిజంగానే వేరు. తరతరాలుగా అవి కలిసిన జాడే లేదు.

ప్రొఫెసర్ స్క్రీన్ కేసి చూశారు. "శాంపిల్స్ పాడై ఉంటాయి. తీసెయ్."

"మూడుసార్లు చేశాను, ప్రొఫెసర్."

"మూడుసార్లూ చేసింది నువ్వే కదా."

నేనక్కడ ఉండి చదవడానికిచ్చిన స్టడీ పర్మిట్ పొడిగించాలంటే ఆయన ఉత్తరం కావాలి. ఆ శాంపిల్స్ తీసేసి, తేడా లేదని నా చేత్తోనే థీసిస్ రాశాను.

ఆ తర్వాత ఒక కంపెనీకి అటువైపు గట్టున కోతకు అనుమతి దొరికింది. నాచంతా ఒకటే కాబట్టి ఇటువైపు నుంచి వచ్చి మళ్లీ మొలుస్తుందన్నారు. మొలవలేదు. ఫోన్ చేస్తే ముసలాయన, "రాళ్లు మిగిలాయి," అని పెట్టేశాడు.

ఇప్పుడు అదే దేశంలోని మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మొన్న మా ప్రొఫెసర్ కొత్త పేపర్ కనబడింది. రెండు గట్ల నాచూ వేరని తామే మొదట కనుక్కున్నారట. కింద కొత్త స్టూడెంట్ పేరుంది.

మా ఆయన నా భుజం మీదుగా చదివాడు. "మెయిల్ పెట్టొచ్చుగా? నీ డేటా ఉంది కదా."

"ఏమని పెట్టను? తేడా లేదని రాసి సంతకం పెట్టింది నేనే."

ఆయన పాపను స్కూల్లో డ్రాప్ చేయడానికి కారు తాళాలు తీసుకున్నాడు.