చాచా అర్జీలు, నా మిషన్ తెలివి

కొత్త కంప్యూటరు కొన్న రోజు అందరూ పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. నేనూ కొడతాను. కానీ దానికన్నా ముందు టైపింగు ప్రోగ్రాం తెరిచి, ఆప్షన్లలోకి పోయి, అది తనంతట తాను చేసే దిద్దుబాట్లన్నిటికీ టిక్కులు తీసేస్తాను. ఆ తర్వాతే దేవుడు. మా ఇంట్లోవాళ్లు దీన్ని నా చాదస్తమంటారు. అననీయండి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, నల్గొండ జిల్లాలో హైవే పక్కనున్న ఒక మండలాఫీసు ఎదుట టైపింగు షాపు పెట్టాను. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. కరెంటు ఉన్నంతసేపు ఆ బజార్లో నా అంత తెలివిగల మనిషి లేడని నా నమ్మకం.

షాపు బయట వేపచెట్టు నీడలో ఒక చాచా కూర్చునేవాడు. నేను పుట్టకముందు నుంచీ అర్జీలు రాస్తున్న మనిషి. మోకాళ్ల మీద అట్ట, జేబులో సిరాపెన్ను. ఏ దేవుణ్ని మొక్కేవాళ్లు వస్తే కాగితం పైన ఆ దేవుడి గుర్తు వేసేవాడు. హిందువులకు శ్రీ, తనవాళ్లకు బిస్మిల్లా లెక్క 786, చర్చికి పోయేవాళ్లకు చిన్న శిలువ. రాయడం అయ్యాక అర్జీ మొత్తం ఆ మనిషికి గట్టిగా చదివేవాడు. విని ఊఁ అంటేనే వేలిముద్ర. చివర "చదివి వినిపించడమైనది" అని రాసి తన సంతకం పెట్టేవాడు. ఆ చదువుడు బజారంతా వినపడేది. ఎవరింట్లో ఏ పంచాయితీ నడుస్తుందో నాకు కూర్చున్న చోటే తెలిసేది కాబట్టి నేనెప్పుడూ వద్దనలేదు.

కొన్నాళ్లకు ఆఫీసులో చేతిరాత వద్దు, టైపు చేసిందే తెమ్మనడం మొదలైంది. చాచా పెన్నుకు మూత పెట్టుకుని నా షాపులోకి వచ్చాడు. "నేను చెప్త, నువ్వు కొట్టు బిడ్డా" అన్నాడు.

మొదటి అర్జీ వాళ్ల గల్లీ ఆయనదే. 786 కొట్టించి, పక్కన చుక్క పెట్టించి, తేదీ వేయించాడు. ఎంటర్ నొక్కాను. కింద దానంతట అదే 787 వచ్చి కూర్చుంది.

"ఇదేంది?"

"అదే ఏసుకుంది చాచా."

"నేను చెప్పిన్నా?"

"లే."

"నువ్వు కొట్టినవా?"

"లే."

"మరి మన ఇద్దరి నడుమ గీ మూడో మనిషి ఎవడు? అల్లా లెక్కకే ఒకటి కలుపుతుండు!"

తుడిపేసి మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. చాచా కళ్లద్దాలు తీసి తుడుచుకుని, తెర వైపు అనుమానంగా చూశాడు. చివరికి ఆ జాగా ఖాళీగా వదిలేస్తే పైన తనే పెన్నుతో రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి నా కంప్యూటరు పేరు పెద్దమనిషి. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "మీ పెద్దమనిషి లేచిండా?" అనేవాడు. అడగకుండా సలహాలు చెప్పేవాణ్ని అలాగే అంటారు కదా. నాకు కోపం వచ్చేది. సంతకం కింద మూడు అడ్డగీతలు కొట్టి ఎంటర్ నొక్కితే, పేజీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి గీత పడేది, ఎంత తుడిపినా పోయేది కాదు. "గోడ కట్టిండు నీ పెద్దమనిషి, దాటి పొమ్మంటవా?" అనేవాడు చాచా. ఆపడం ఎలాగో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు. అందుకే, "కంప్యూటర్ల తప్పు రాదు చాచా. అచ్చు ఎంత సాఫుగుందో చూడు, ఇంక చదువుడెందుకు?" అన్నాను.

నిజంగానే అచ్చు ముత్యాల్లా ఉండేది. మెల్లగా చాచా చదవడం మానేశాడు. కాగితం చేత్తో నిమిరి, వేలిముద్ర వేయించి పంపేవాడు. "చదివి వినిపించడమైనది" అన్న మాట మాత్రం నేను అలవాటుగా కొడుతూనే ఉన్నాను.

అప్పుడు కేతేపల్లి వైపు నుంచి ఒకామె వచ్చింది. మొగుడు పోయాడు. ఉన్న కొద్దిపాటి చెలక భూమిని విరాసత్ కింద, అంటే వారసురాలిగా, తన పేరుకు ఎక్కించమని అర్జీ. మరిది అందులో సగం తనదంటున్నాడు. సర్వే నంబరు 1/2, అంటే ఒకటో నంబరులో రెండో ముక్క. చాచా చెప్పాడు, నేను కొట్టాను, ఆమె వేలిముద్ర వేసి పోయింది.

వారం తిరక్కుండా కాగితం పట్టుకుని వచ్చింది. నంబరు ఉండాల్సిన చోట, ఒకటి పైనా రెండు కిందా పెట్టి చిన్నగా, ముద్దుగా, సగం గుర్తు ఉంది. నా పెద్దమనిషి 1/2ను దిద్దేశాడు. ఆఫీసులో, "ఏ నంబర్ల సగమమ్మా, ఏ దిక్కు సగం?" అని అడిగి వాపసు ఇచ్చారట.

"సగమని నేనెప్పుడన్న సాబూ?" అందామె. కాగితం బల్ల మీద పెట్టింది. "నా మరిది గిది సూస్తే, నీ ఏలుముద్రతోనే ఇచ్చినవు గదా అంటడు. బంకు కాడ ఇంకొకాయన రాస్తడట. ఆన్నే రాయించుకుంట."

చాచా కాగితం తీసుకుని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆయన అర్జీ నంబరు తప్పని తిరిగి రావడం అదే మొదలు.

"నా కండ్లు మందగించినయమ్మా" అన్నాడు ఆమెతో. "తప్పు నాది. రేపు ఒక్కపారి రా, మంచిగ రాసిస్త. గప్పుడు గూడ నచ్చకుంటే ఆడికే పో."

నేను ప్రింటర్లో కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. షాపు కొత్తది, పేరు పోతుందని భయపడ్డాను. ఆమె వెళ్లాక కూడా చాచా నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే అన్నం సహించేది.

ఆ మధ్యాహ్నమంతా ఆ ప్రోగ్రాంలో ఒక్కో మెనూ తెరుచుకుంటూ కూర్చున్నాను. ఎక్కడో అడుగున దొరికింది, టిక్కుల జాబితా. భిన్నాలు మార్చడం, నంబర్లు పెంచడం, గీతలు గీయడం, అన్నీ మన మంచికేనట. ఒక్కటీ మిగల్చకుండా తీసేశాను. 786, చుక్క, తేదీ, ఎంటర్. కింద ఖాళీ. ఇంత చిన్న పని నెల కిందట చేయనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు ఆమె వచ్చింది. కొత్త కాగితం అచ్చు తీశాను. ఇక ఆగలేక, "అక్కా, చాచా కండ్లు మంచిగనే ఉన్నయి. ఆయన సరిగనే చెప్పిండు. తప్పు నాది, నా మిషన్‌ది" అన్నాను.

ఆమె చాచా వైపు తిరిగింది. "మరి నీదంటివి గద సాబూ?"

"నాదే. అచ్చు సూసి మురిసిపోయి సదువుడు బంజేసింది ఎవరు? సదివుంటే ఆ రోజే సగమా అని మొత్తుకుందువు" అన్నాడు.

అంటూనే లేచి నిలబడ్డాడు. వేపచెట్టు కింద చదివినంత గట్టిగా, శ్రీ నుంచి మొదలుపెట్టి చదివాడు. ఎదురుగా చాయ్ తాగేవాళ్లు ఇటు తిరిగారు. "సర్వే నంబరు ఒకటి బై రెండు, మొత్తం" అన్న దగ్గర ఆగి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఊఁ అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

"చదివి వినిపించడమైనది" కింద చాచా తన సంతకం పెట్టాడు. తర్వాత మూత పెట్టకుండా పెన్ను నా ముందుకు జరిపాడు.

"నువ్వు గూడ పెట్టు బిడ్డా. కొట్టినోళ్లు గూడ వినాలె."

పెట్టాను. రోజంతా కీబోర్డు మీద పరుగెత్తే చెయ్యి, నా పేరును ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది.