పన్నెండు మందికి ఒకే కల

కనిగిరి వెళ్లాలనుకునేవారికి ముందే ఒక మాట. గుంటూరు బస్టాండులో ఆరూ పదికి బస్సుంది, కుడివైపు కిటికీ పట్టుకోండి, ఎండ తగలదు. నేను ఎడమవైపు కూర్చున్నాను. ఆరోజు నా బుర్ర సీటు మీద లేదు.

మా ఊరు నల్లపాడు దగ్గర. పొదుపు సంఘం కాగితాలన్నీ నేనే రాస్తాను కాబట్టి ఊళ్లో ఏ ఫారం వచ్చినా నా ఒళ్లో పడేస్తారు. మిరపకాయలు కళ్లంలో ఆరబోసిన వారమే రేష్మా అనే కనిగిరి అమ్మాయి పన్నెండు ఫారాలు తెచ్చింది. మిర్చి రైతుల దిగులు మీద, నిద్ర మీద పరిశోధన చేస్తోందట. "ఎవరిది వాళ్లే నింపాలి పిన్నీ" అని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లింది. మా ఆడవాళ్లు మాత్రం "నువ్వే రాసెయ్ నాగమణీ, కాయలు తిరగెయ్యాలి" అంటూ కళ్లంలోకి పోయారు.

రాసేశాను. పైఊరి పిల్లకి మన గుట్టెందుకు? నాతో కలిపి పన్నెండు మందికీ తల వాల్చగానే నిద్ర పడుతుందని రాశాను. అంతటితో చెయ్యి ఆగిందా? అందరికీ ఒకే కల వస్తుందని, ఆ కలలో మిరపచెట్లు కరెంటు స్తంభాలంత పెరిగితే నిచ్చెనలేసుకుని కోస్తామని కూడా రాశాను.

బుధవారం రేష్మా ఫోను చేసింది. "శనివారం మా కాలేజీలో సదస్సు పిన్నీ. అంత హాయిగా నిద్రపోయే ఊరు మీదొక్కటే. ఆ సంగతే చెప్పాలి." నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. కోతలకి తిరిగినంత సులువుగా నాలుక నిజానికి తిరగలేదు. నలుగురిలో ఆ పిల్ల నవ్వులపాలు కాకముందే ఎదురుగా వెళ్లి చెప్పేద్దామనుకున్నాను. శనివారం తెల్లవారకముందే ఆటో ఎక్కాను.

బస్టాండులో రెండిడ్లీ తిని బస్సెక్కాను. చిలకలూరిపేట చేరేసరికి ఏడుంబావు. రోడ్డు పక్క తుమ్మకొమ్మలన్నిటికీ లారీల నుంచి రాలిన పత్తి అంటుకుని ఉంది. అక్కడ తెల్లగడ్డం పెద్దాయన ఒకరు ఎక్కి నా పక్క వరసలో కూర్చున్నారు. పేరు ఖాదర్ గారు. ఫిజిక్స్ చెబుతారట. ఉపగ్రహాలు తిరిగే దారి లెక్కలు కడతారట.

ఊరుకోగలనా? "మేం కాయలు తిరగేస్తే ఆ ఘాటుకి పైనపోయే ఉపగ్రహం తుమ్ముతుందండీ. అందుకే వాన పడుతుందన్న రోజున ఎండ కాస్తుంది" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "తుమ్మితే మాకు తెలిసిపోతుందమ్మా! మొదటి లెక్కలో వెంట్రుకవాసి తప్పుంటే చాలు, నాలుగు రోజులకి మేం చూసే చోట అది ఉండదు."

వెంట్రుకవాసి! నావి పన్నెండు ఫారాలు.

తనూ సదస్సుకేనన్నారు. "నలుగురం కలిసి చేస్తున్నామమ్మా. కాయలో తేమ ఎంతసేపటికి ఆరుతుందో ఒకరు చూస్తారు. మబ్బుల ఫోటోలు తీసే ఉపగ్రహం మన మీదికి ఎప్పుడొస్తుందో నేను చెబుతాను. ధర పడిపోతుందని భయపడి సగం ఆరిన కాయ అమ్మితే ఎంత నష్టమో ఇంకొకాయన లెక్కేస్తాడు. రైతు నిద్ర సంగతి రేష్మా అనే అమ్మాయిది."

"నాలుగూ కలిపి ఏం చేస్తారండీ?"

"వానొచ్చే ముందు కళ్లం దగ్గరున్న వాళ్ల ఫోను మోగుతుంది. మోగనంతసేపూ పడుకోవచ్చు. ముందుగా ఆరు ఊళ్లలో పెడదామనుకున్నాం. ఒక ఊరు తీసేస్తున్నాం. అక్కడెవరికీ దిగులే లేదట, అదృష్టవంతులు! మధ్యాహ్నం రెండింటికి జాబితా ఖాయం."

"ఏ ఊరండీ?"

మా ఊరి పేరు చెప్పారు.

అద్దంకిలో బస్సు పది నిమిషాలు ఆగింది. కొన్న టీ చేతిలోనే చల్లారిపోయింది. దర్శి దాటాక నల్లరేగడి పోయి ఎర్రనేల, రాళ్లు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వచ్చాయి. పొదిలి దాటాక ఖాదర్ గారు కునుకు తీశారు. ఆయన మొహం చూస్తే అసూయ పుట్టింది. కనిగిరి కొండ కనబడేసరికి పదకొండు కావస్తోంది.

కాలేజీ వరండాలో రేష్మా కనబడగానే మొత్తం కక్కేశాను. "ఆ పన్నెండూ నేనే రాశానమ్మా. మా ఊళ్లో ఈ నెలంతా నిద్రపోయినవాళ్లు లేరు."

ఆ పిల్ల నన్ను పక్కకి తీసుకెళ్లింది. "నాకు తెలుసు పిన్నీ. పన్నెండు మందికి ఒకే కల ఎట్లా వస్తుంది? నా అనుమానం కొద్దీ కొట్టెయ్యడం తప్పు. రాసినవాళ్లు చెప్పాలి. మీరు నోరు విప్పుతారేమోనని ఫోన్ చేశా. విప్పలేదు. రెండు నెలల పని నాది!"

తల దించుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇవి కొట్టేస్తే మీ ఊరి నుంచి నా దగ్గర ఒక్క కాగితం లేదు. రెండింటికి జాబితా. నంబర్లియ్యండి" అంది.

మొదటి ఫోను సుబ్బాయమ్మకి. స్పీకరులో కళ్లంలోంచి అరిచింది: "నాగమణి అక్కడుందా? ముందు దాన్ని అవతలికి పంపించు తల్లీ, అప్పుడు చెబుతా!"

నన్ను వరండా చివరికి పంపించేశారు. ఖాదర్ గారు జాబితా కాగితం జేబులో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నారు. "ఉపగ్రహం తుమ్మిందా అమ్మా?" అన్నారు. "తుమ్మించింది నేనేనండీ" అన్నాను. ఒంటిగంట దాటాక రేష్మా తన డబ్బాలో పలావు సగం నా చేతిలో పెట్టింది. అంత చేసినా నాకు అన్నం పెట్టింది.

రెండు కావడానికి పది నిమిషాలుందనగా ఖాళీ ఫారం ఒకటి తెచ్చిచ్చింది. "పదకొండయ్యాయి. ఇది మీది. ఈసారి మీ గురించే."

పెన్ను తీసుకున్నాను. ఇట్లా రాశాను: పోయినేడు వానకి మా కాయ సగం నల్లబడింది. అప్పట్నుంచీ ఆకు కదిలినా లేచి టార్పాలిన్ పట్ట అంచు పట్టుకుని కూర్చుంటాను. పక్కవాళ్లు భయపడతారని కథలు చెప్పి నవ్విస్తాను. మా ఆయనక్కూడా ఈ మాట చెప్పలేదు.

రేష్మా చదివి నా భుజం మీద చెయ్యేసింది. ఖాదర్ గారు జేబులోంచి కాగితం తీసి ఆరో ఊరిగా మా ఊరు రాశారు.

మూడింటికి తిరుగు బస్సెక్కాను. పొద్దున్నుంచీ నా చేతిమీద పడిన ఎండ ఇప్పుడు వేరేవాళ్ల చేతిమీద పడుతోంది. ఆ నలుగురూ గుర్తొచ్చారు. మేం కాయ ఆరబోసుకుని కూర్చుంటే ఎక్కడో ఒకాయన మా కోసం ఆకాశంలో దారి లెక్కేస్తున్నాడు. నిద్రపోతున్నారా అని మమ్మల్ని అడగడానికి ఒక పిల్ల నల్లపాడు దాకా వచ్చింది. నన్ను ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. రెండు చేతులూ జోడించాల్సింది, తోచక పలావు డబ్బా కడిగిచ్చి వచ్చేశాను.

పొదిలి దాటింది గుర్తుంది. దర్శి, అద్దంకి, చిలకలూరిపేట గుర్తులేవు. "ఏమ్మా, గుంటూరొచ్చింది, లెగు! గురకతో బస్సంతా అదిరింది" అని కండక్టర్ లేపాడు. కలేమీ రాలేదు. ఇది మాత్రం కోత కాదు, కావాలంటే ఆ కండక్టర్‌నే అడగండి.