తలదీపాల ప్రోగ్రాము

మొన్న మా చెల్లెలి కూతురు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్ల, తన ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాము చూపించింది; కోడులోని ఏ పేరు మీద నొక్కినా అది ఎక్కడ మొదలైందో, ఎందుకు పెట్టారో వివరంగా తెరుచుకుంటోంది. చూస్తుండగానే నా మనసు ఇల్లందుకు, ఎనభైల చివర నేను కారేపల్లి నుంచి రోజూ బస్సులో వెళ్లి పనిచేసిన, బొగ్గుగనుల ఆఫీసులోని చిన్న కంప్యూటరు గదికి వెళ్లిపోయింది.

ప్రోగ్రాము రాసేది యంత్రం కోసం కాదు, మన తర్వాత వచ్చే మనిషి కోసం అనేవారు మా పెద్దసారు. అందుకే ఆయన ఒక పనిముట్టు తయారుచేశారు: వివరణనూ కోడునూ కలిపి ఒకే ఫైలులో రాస్తే, దాని నుంచి యంత్రానికి కావలసింది ఒకటీ, ఏ పేరు ఏ పేజీలో ఉందో సూచికతో సహా మనుషులు చదువుకునే పుస్తకం ఒకటీ వచ్చేవి. కంప్యూటరుకు తెలుగు రాని రోజులు కనుక మా తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం.

బొగ్గుబాయిలోకి దిగేవాళ్లు తలదీపం తీసుకుని వెళ్లి, పైకొచ్చాక తిరిగి ఇస్తారు. ఇంకా ఎవరెవరు లోపల ఉన్నారో చెప్పే ప్రోగ్రామును కొత్తగా రాయమని నాకు అప్పగిస్తూ, ముందు ఆ దీపాల గది దగ్గర కొన్నాళ్లు కూర్చుని రమ్మన్నారు సారు. అక్కడే ఒక మధ్యాహ్నం గేటు పక్కన ఒక కార్మికుడి భార్యను చూశాను. షిఫ్టు మారగానే పాత ప్రోగ్రాము వెనకటి పేర్లన్నీ తుడిచేసేది. ఆమె భర్తేమో రెండో షిఫ్టుకు కూడా లోపలే ఉండిపోయాడు.

"లోపట లేడంటున్నరు బిడ్డా, ఇంటికి రాలే. మరి మనిషి ఏడున్నడు?" అని నన్నడిగింది. పొద్దువాలాక అతను పైకి వచ్చి, "ఏందే, గిట్ల నిలవడ్డవ్, డబుల్ డ్యూటీ జేసిన" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

దీపం తిరిగి వచ్చేదాకా పేరు చెరపకుండా కోడు రాసి, దాని పైన వివరణగా ఆమె అడిగిన మాటను ఉన్నదున్నట్టు పెట్టాను. చదివి సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కొన్నేళ్లకు ఆయన రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు, ప్రోగ్రాము మరీ నెమ్మదిగా నడుస్తోందని, షిఫ్టు మారగానే పాత పేర్లు తీసేయమన్నాడు. వాదించకుండా, ఆమె మాట ఉన్న పేజీ తీసి అతని ముందు పెట్టాను. మళ్లీ మళ్లీ చదివి, "ఉండనియ్ అమ్మా, ఆలస్యమైతే కానియ్" అన్నాడు.

ఇప్పుడు ఆ గది లేదు, ఆ యంత్రం లేదు, సారూ లేరు. ఈనాటి పిల్లలకు ఏ వివరమైనా కూర్చున్న చోటికే వస్తోంది, సంతోషమే. కాని రాయబోయే ముందు ఒకసారి గేటు దాకా వెళ్లి, అక్కడ ఎవరు ఎదురుచూస్తున్నారో చూసి రమ్మని వాళ్లను పంపేవాళ్లు ఉన్నారో లేరో.